రీఫ్ ట్యాంకుకు రెఫ్యూజియం: సంప్‌లో ఎంత ఖాళీ వదలాలి?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి):
నమస్కారం. పగడాలు పెంచే మా నాలుగడుగుల రీఫ్ ట్యాంకు (120 × 45 × 50 సెం.మీ.) పద్నాలుగు నెలలుగా నడుస్తోంది. వారం వారం నీళ్లు మారుస్తున్నా నైట్రేటు 40 పి.పి.ఎం. నుంచి దిగడం లేదు. వెంట్రుకల్లాంటి నాచు రాళ్లను కప్పేసి, ఇప్పుడు జొయాంథిడ్ల (గుత్తులుగా పెరిగే, పగడాల్లాంటి జీవులు) మధ్యకు పాకింది. స్టాండు కింద 75 × 40 × 40 సెం.మీ. సంప్ (ట్యాంకు నీరు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే కింది తొట్టి) కట్టించి, అందులో ఒక అరను రెఫ్యూజియంగా, అంటే నైట్రేటును పీల్చుకునే నాచు పెంచే చోటుగా, చేయాలనుకుంటున్నాను. ఏ నాచు పెంచాలి, దీపం ఏ వేళల్లో వెలగాలి, కరెంటు పోతే ఇల్లంతా ఉప్పునీళ్లు కాకుండా ఎంత ఖాళీ ఉంచాలి? నాచును మన బీచ్ నుంచే తెచ్చుకోవచ్చా?

జవాబు (పెదవాల్తేరు నుంచి):
ముందు ఖాళీ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే అద్దాలు అతికించాక దాన్ని మార్చలేరు. పంపు ఆగగానే, సంప్ నీటిని ట్యాంకులోకి పంపే రిటర్న్ పైపు సైఫన్‌గా మారి, దాని మూతికి గాలి తగిలేదాకా ట్యాంకు నీటిని కిందికి లాగుతూనే ఉంటుంది. మూతి 3 సెం.మీ. లోతున ఉంటే సుమారు 16 లీటర్లు దిగి, మీ సంప్‌లో మట్టం దాదాపు 5.5 సెం.మీ. పెరుగుతుంది, పైపుల్లో నిలిచిన నీరు దీనికి అదనం. సైఫన్ తెగడానికి పైపుకు రంధ్రం పెట్టేవారున్నారు గానీ, ఒక్క నత్త అడ్డుపడితే అది మూసుకుపోతుంది కాబట్టి, నేను దాన్ని నమ్మను.

జవాబు (భీమిలి నుంచి):
నాచుల్లో కీటోమార్ఫానే ఎంచుకోండి. చిక్కుపడిన పచ్చటి నైలాన్ దారపు ఉండలా ఉంటుంది, వేళ్లు ఉండవు, ఉండలో కోపిపాడ్లనే చిన్న చిన్న నీటి జీవులు నిశ్చింతగా పెరుగుతాయి. కాలెర్పా అందంగా ఉన్నా, ఒక్కోసారి రాత్రికి రాత్రే బీజకణాలను వదిలి తెల్లబారిపోయి, తాను పీల్చుకున్నదంతా తిరిగి నీటిలో కలిపేస్తుంది. దీపాన్ని ట్యాంకు లైట్లు ఆరాక వెలిగేలా టైమరుకు పెట్టండి; రాత్రిపూట పెరిగే కార్బన్ డయాక్సైడును కీటో వాడుకోవడం వల్ల పీహెచ్ అంతగా పడిపోదు. పెరిగిన నాచును పిడికిళ్లకొద్దీ తీసి పారేసినప్పుడే నైట్రేటు, ఫాస్ఫేటు ట్యాంకు నుంచి నిజంగా బయటకు పోయినట్టు. అలాగని రెండింటినీ సున్నాకు దించకండి, పగడాలు నీరసిస్తాయి.

బీచ్ నాచు మాత్రం వద్దు. దానితో ఏ పీతలు, ఏ పురుగులు వస్తాయో చెప్పలేం. పగడాలనూ వాటి రాళ్లనూ సముద్రం నుంచి తీయడం గురించైతే ఆలోచించనే వద్దు. రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

ఇంకొక మాట: మన తీరపు ఉక్కలో ఫ్యాను గాలికి నీరు అంతగా చల్లబడదు. అందువల్ల స్టాండు వెనుక పలక తీసేసి, దీపం వేడి బయటకు పోనివ్వండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. ఇప్పుడే స్కేలు పెట్టి కొలిచాను, మా పైపు మూతి 5 సెం.మీ. లోతున ఉంది, అంటే 27 లీటర్లు, సంప్‌లో 9 సెం.మీ. మూతిని పైకి జరిపి, మళ్లీ కొలిచాకే అద్దాలు కోయిస్తాను.