నాయిన ఫోను స్లో అయింది, షోరూంల ఏఐ ఫోను తీసుకోమంటున్నరు, నిజంగ అవసరమా?

బత్తాయి తోట, నల్గొండ

అన్నలకు అక్కలకు నమస్తే. మాది నల్గొండ పక్కన ఊరు, ఆరెకరాల బత్తాయి తోట. నాయిన ఫోను కొని మూడేండ్లు దాటింది, అప్పట్ల 15 వేలు పెట్టినం. మొన్నటిదాంక మంచిగనే నడిచింది. ఈ ఎండాకాలం మొదలైన కాడికెళ్లి పొద్దున ఫుల్ చార్జింగ్ పెట్టుకొని తోటకు పోతే పదకొండు గొట్టేసరికి 20 శాతానికి వస్తున్నది, ఒక్కోసారి 30 చూపించుకుంటనే ఒక్కసారే బంద్ అయితున్నది. పోయిన నెల అప్‌డేట్ వస్తే నేనే చేసిన, అప్పటి సంది వాట్సాప్ తెరవాలన్నా ఆగి ఆగి తెరుచుకుంటున్నది.

గడియారం కాడ ఒక షోరూంకు తీస్కపోయినం. ఆ పిల్లగాడు ఫోను చేతిలకు కూడ తీస్కోలే. మూడేండ్లు నడిచిందంటేనే ఎక్కువన్నా, ఇగ అయిపోయింది అన్నడు. 28 వేలది చూపిచ్చిండు, 200 మెగాపిక్సెల్ కెమెరా, 8 ప్లస్ 8 జీబీ ర్యాము, మొత్తం ఏఐ అని. ఆకు ఫొటో తీస్తే రోగం ఏందో ఫోనే చెప్తది, మందు పేరు కూడ చెప్తది అన్నడు. నాయినకు ఆ మాట మనసుల పడ్డది, ఎందుకంటే ఈసారి తోటల ఒక పక్క చెట్లకు ఆకులు పసుపు పచ్చగ అయితున్నయి, ఆయనకు నిద్ర పడుతలేదు.

28 వేలంటే మాకు చిన్న పైసలు కాదు. నాయిన చేసేది ఫోన్లు మాట్లాడుడు, వాట్సాప్, యూట్యూబు, ఫోన్ పే, అంతే. ఇంకోటి, కంపెనీలు అప్‌డేట్ పేరు మీద పాత ఫోన్లను కావాలనే స్లో చేస్తయా? దోస్తులందరు అదే అంటున్నరు, ఎంత నిజమో తెలిసినోళ్లు చెప్పుండ్రి.

రిపేరు షాపు, మిర్యాలగూడ

తమ్మీ, పన్నెండేండ్ల సంది ఇదే పని చేస్తున్న. 30 శాతం ఉండంగ బంద్ అయితున్నదన్నవు కద, నాకు ఆ ఒక్క ముక్క చాలు, అది బ్యాటరీ. పాతబడ్డ బ్యాటరీకి లోపల రెసిస్టెన్స్ పెరుగుతది, కెమెరా తెరిచినప్పుడో సిగ్నల్ సరిగ లేని కాడనో ఫోను ఒక్కసారే కరెంటు ఎక్కువ గుంజుతది, అప్పుడు ఓల్టేజ్ డబుక్కున పడిపోతది, ఫోను బంద్. మీ బోరు మోటరు స్టార్ట్ కాంగనే కొట్టంల బల్బు డిమ్ము అయితది చూడు, గట్లనే ఇది.

కావాలని స్లో చేస్తయా అని అడిగినవు. చేసినయి. యాపిల్ వాళ్లు 2017 డిసెంబర్ల ఒప్పుకున్నరు, పాత ఐఫోన్లల్ల బ్యాటరీ వీక్ అయితే ఒక్కసారే బంద్ కాకుంట ఉండేటందుకు స్పీడు తగ్గించినం అని. వాళ్లు చెప్పిన కారణం ఉత్త సాకు కాదు, ఇప్పుడు మీ నాయిన ఫోనుకు వచ్చిన రోగమే అది. గని నాకు కోపం వచ్చేది ఏడనంటే, ఆ సంగతి కొన్నోళ్లకు చెప్పలే. బ్యాటరీ మారిస్తే ఫోను మళ్ల మంచిగ నడిచేది, అది తెల్వక జనం ఫోన్లే మార్చిండ్రు. బయటపడ్డంక అమెరికాల బ్యాటరీ మార్చే రేటు 79 డాలర్ల నుంచి 29కి దించిండ్రు, కోర్టుల కేసు తెంపుకోనీకి 50 కోట్ల డాలర్ల దాంక కడ్తమని 2020ల ఒప్పుకున్నరు. ఇటలీల 2018ల ఇసొంటి అప్‌డేట్ల సంగతి మీదనే యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు ఫైన్ పడ్డది. అట్లని ప్రతి అప్‌డేట్ మోసం అనుకోవద్దు. అప్‌డేట్ అయినంక ఒకటి రెండు దినాలు ఫోను లోపల సర్దుకుంటది, అప్పుడు స్లో ఉండుడు మామూలే. నెలైనా తగ్గలేదంటే స్టోరేజ్ చూడు. గుడ్ మార్నింగ్ ఫొటోలు, వీడియోలతోని నిండిపోయి ఉంటది, మా షాపుకొచ్చే ఫోన్లల్ల సగం గట్లనే ఉంటయి.

పోయిన వారం ఒక పెద్దమనిషి ఫోను తెచ్చిండు, బండి హ్యాండిల్‌కు స్టాండు పెట్టి మిట్ట మధ్యాన్నం ఎండల తిరిగిండంట. వెనక మూత ఒక పక్క లేసి సందుల గోరు పడుతున్నది. హీటర్ మీద పెట్టి అంచు లేపి చూస్తే బ్యాటరీ గారె లెక్క ఉబ్బింది, వేలు పెడితే మెత్తగ దిగింది. అట్ల ఉబ్బిందాన్ని చార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు, అంటుకుంటది. 35 డిగ్రీలు దాటిన వేడిల వాడితే బ్యాటరీ శాశ్వతంగ దెబ్బ తింటదని యాపిల్ వాళ్లే రాసి పెట్టిండ్రు, మన నల్గొండల మే నెలల 44, 45 చూస్తం. మరి ఆ సంగతి ఈడ అమ్మేటోడు ఒక్కడన్న చెప్తడా? నాయినకు చెప్పు, ఫోను అంగి జేబుల ఎండకు పెట్టుకోవద్దు, చెట్టు నీడకు సంచిల పెట్టుకోమను.

ముందు కంపెనీ సర్వీస్ సెంటర్ల బ్యాటరీ రేటు అడుగు. ఆ ధర ఫోన్లకు రెండు వేల లోపల అయిపోతది. బయట మూడు నాలుగు వందలకు వేస్తమంటే మాత్రం వద్దు, అవి ఆర్నెళ్లు కూడ నిలవవు, ఇది నా ధందా మీద నేనే చెప్తున్న.

పాలమూరు పిల్లగాడు

నేను మహబూబ్‌నగర్, ఇప్పుడు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ పని. షోరూంల చెప్పిన ఒక్కొక్క మాట విప్పి చెప్తా బ్రో.

ర్యాము అంటే ఫోను పని చేసేటప్పుడు వాడుకునే జాగ, 8 ప్లస్ 8 అంటే అది 16 కాదు. రెండో 8 అనేది స్టోరేజ్‌ల కెళ్లి కోసి ఇచ్చిన ముక్క, అసలు ర్యాముతోని పోలిస్తే అది మస్తు స్లో. దాన్ని ప్లస్ గుర్తు పెట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలల్ల రాస్తే కొనేటోడు ఏమనుకుంటడు? 200 మెగాపిక్సెల్ అంటే కూడ, ఆ కెమెరా మామూలుగ తీసేటప్పుడు 16 పిక్సెల్‌లను, అంటే చిన్న చుక్కలను, కలిపి ఒక్కటి చేస్తది, అంటే చేతికొచ్చే ఫొటో పన్నెండున్నర మెగాపిక్సెల్. అది తప్పేం కాదు, చీకట్ల ఫొటో మంచిగొస్తది, కాకపోతే ఆ 200 అనే నంబర్ చూసి పైసలు ఎక్కువ పెట్టొద్దు.

ఇగ ఏఐ. నేను చేసే పనిల ఏఐ రోజూ వాడుత, పనికి రాదని నేననను. రేపు వచ్చేదాన్ని ఇయ్యాల అమ్ముతున్నరు, నా బాధ అది. యాపిల్ 2024 జూన్‌ల కొత్త సిరి, అంటే ఐఫోన్ల మాట చెప్తే వినే అసిస్టెంటును, చూపించింది, మన మెసేజులు, మెయిళ్లు అన్ని తెలుసుకొని పని చేసి పెడ్తదని, ఆ మాట మీదనే సెప్టెంబర్ల ఐఫోన్ 16 అమ్మింది, టీవీల ప్రకటనలు కూడ ఇచ్చింది. 2025 మార్చిల ఇంకా టైం పడ్తదని చెప్పి ఆ ప్రకటన తీసేసింది. అంత పెద్ద కంపెనీనే ఇట్ల చేస్తే 28 వేల ఫోనుకు ఏమని నమ్మాలె? హ్యూమేన్ అని ఒక కంపెనీ ఛాతికి పెట్టుకునే ఏఐ పిన్ను 699 డాలర్లకు అమ్మింది, ఫోనే అవసరం లేదన్నరు. ఏడాది తిరగకముందే, 2025 ఫిబ్రవరిల దాన్ని నడిపించే కంపెనీ కంప్యూటర్లు, అంటే సర్వర్లు, బంద్ చేసిండ్రు, కొన్నోళ్ల చేతిల ఉత్త బిళ్ల మిగిలింది.

ఫోన్లల్ల ఏఐ అని చెప్పేదాంట్ల మస్తు పని కంపెనీ సర్వర్ల మీదనే అయితది, నెట్ లేకుంటే అది నడవది. మీ తోటల సిగ్నల్ ఎన్ని గీతలు వస్తది? ఆకు రోగం చెప్పే ప్లాంటిక్స్ యాపు ఫ్రీగనే దొరుకుతది, తెలుగుల ఉన్నది, నాయిన పాత ఫోన్లనే ఎక్కుతది. దానికోసం 28 వేలు అవసరం లేదు.

వనపర్తి అక్క

అందరు పాత ఫోనే మంచిదంటున్నరు, నేనొక మాట చెప్పాలె. మా అమ్మ ఫోను ఏడేండ్లు వాడినం, చివరికి బ్యాంకు యాపే తెరుచుకోలే, ఈ ఫోన్ల నడవదని రాసి వచ్చింది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ల పైసల లావాదేవీలు చేసుడు నాకైతే భయమే. అమ్మకు కంటి చూపు తక్కువ, చదువు కూడ రాదు, కొత్త ఫోన్ల తెలుగుల మాట్లాడితే దానంతటదే టైప్ అయితది, ఇప్పుడు నా బిడ్డకు ఆమెనే మెసేజ్ పెడ్తది. అందుకని కొత్తదంతా దోపిడీ అనకుండ్రి తమ్ముళ్లు. సెట్టింగ్స్‌ల సెక్యూరిటీ అప్‌డేట్ ఏ తారీఖుదో చూడు, అది ఆగి ఏడాది దాటితే అప్పుడు మార్చు.

పాలమూరు పిల్లగాడు

అక్క చెప్పింది కరెక్టే, నేను ఒప్పుకుంట. అసలు కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న అదే, ఎన్నేండ్లు అప్‌డేట్లు ఇస్తరు అని. గూగుల్ పిక్సెల్ 8 ఫోనుకు 2023ల, శాంసంగ్ ఎస్24 ఫోనుకు 2024ల ఏడేండ్లు ఇస్తమన్నరు, అంటే చేయొచ్చన్నట్టే కద, మరి 15 వేల ఫోను కొన్నోడు ఏం పాపం చేసిండు? యూరప్‌ల 2025 జూన్ 20 సంది రూల్ వచ్చింది, అమ్ముడు ఆపినంక కూడ ఐదేండ్లు అప్‌డేట్లు, ఏడేండ్లు స్పేర్ పార్టులు ఇయ్యాలె, బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేసినంక కూడ 80 శాతం నిలవాలె. మన దగ్గర 2022 డిసెంబర్ 24న కేంద్ర సర్కారోళ్లు రైట్ టు రిపేర్, అంటే రిపేరు చేయించుకునే హక్కు, అని పోర్టల్ పెట్టిండ్రు, కంపెనీల సర్వీసు వివరాలు దాంట్ల ఉంటయి, మంచిదే, గని పోర్టల్ వేరు, యూరప్ లెక్క గట్టి రూల్ వేరు.

హాలియా రైతు

బిడ్డా, ఫోన్ల సంగతి నాకంత తెల్వది, బత్తాయి తెలుసు. నా కొడుకు కూడ యాపుల ఫొటో తీసిండు, జింకు లోపం అని వచ్చింది. నాకు అనుమానం కొట్టి ఆకు తెంపి చేతిల పెట్టుకొని చూసిన. జింకు తక్కువైతే కొత్త ఆకులు చిన్నగ, సన్నగ వస్తయి, ఈనెలు పచ్చగ ఉండి మధ్యల పసుపు ఉంటది, నడిమి ఈనెకు రెండు పక్కల ఒక్క తీరుగ ఉంటది. గ్రీనింగ్ తెగులైతే అట్ల కాదు, మచ్చలు మచ్చలుగ ఉండి ఈ సగానికి ఆ సగానికి పొంతన ఉండది. నా తోటల రెండు తీర్ల ఆకులున్నయి, యాపు ఆ రెండిటికీ ఒక్కటే పేరు చెప్పింది. జింకైతే మందు కొడితే తిప్పుకుంటది, గ్రీనింగ్ పట్టిన చెట్టుకు నయం చేసే మందు లేదు, పక్క చెట్లకు పురుగు మోస్కపోతది. గింత తేడా ఉన్నకాడ ఫోను మాట పట్టుకొని మందు తేవద్దు. కొండమల్లేపల్లిల ఉద్యాన పరిశోధన కేంద్రం ఉన్నది, నాలుగు కొమ్మలు ఆకులతోటి తెంపుకొని పొండ్రి, చూసి చెప్తరు.

దేవరకొండ టీచర్

తమ్ముడూ, ఒకవేళ కొత్తది తీసుకుందామనుకుంటే షాపుల వడ్డీ లేని వాయిదాలని చెప్పే నో కాస్ట్ ఈఎంఐ కాగితం పూర్తిగ చదువు. నేను పోయినేడు ఒక షాపుల మిక్సీ, ఫోను కలిపి తీసుకున్న. ప్రాసెసింగ్ ఫీజు వేరేగ పడ్డది, లోపల లెక్కేసిన వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కార్డు బిల్లుల వచ్చింది, ఒకేసారి కడితే ఇచ్చే డిస్కౌంటు పోయింది. అడిగితే షరతుల్లో ఉంది మేడం అన్నరు. బిల్లు మాత్రం తప్పకుండ తీసుకో, గొడవ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో కూడ మాట్లాడుతరు.

బత్తాయి తోట, నల్గొండ

అందరికీ మస్తు థాంక్స్. మిర్యాలగూడ అన్న చెప్పినట్టే కంపెనీ సర్వీస్ సెంటర్ల బ్యాటరీ మార్పిచ్చిన, 1,450 అయింది, పాత బ్యాటరీ చూపియ్యమంటే చూపిచ్చిండ్రు, ఒక మూలకు కొంచెం ఉబ్బనే ఉబ్బింది. వాట్సాప్ వీడియోలు తీసేస్తే 22 జీబీ ఖాళీ అయింది. నిన్న పొద్దున ఆరింటికి తోటకు పోయిన ఫోను సాయంత్రం ఇంటికొచ్చేసరికి 41 శాతం ఉన్నది. సెక్యూరిటీ అప్‌డేట్ చూసిన అక్కా, మూడు నెలల కిందటిదే.

హాలియా పెద్దాయన, మీరు చెప్పినట్టు నాయిన నేను కలిసి ఆకులు తెంపి మంచం మీద పరిచి చూసినం. ఉత్తరం దిక్కు చెట్లవి అన్నీ రెండు పక్కల ఒక్క తీరుగనే ఉన్నయి, గని బాయి కాడి రెండు చెట్ల ఆకులకు పొంతన కుదరలే. నాయిన వాటిని వేరే సంచిల కట్టి పెట్టిండు, రేపు పొద్దున బస్సుకు కొండమల్లేపల్లి పోతున్నం.