ఒకే భవనం, రెండు గుమ్మాలు: ఖర్చు సాకు నిలుస్తుందా?

ఇంటిలెక్క: న్యూయార్క్‌లోని 40 రివర్‌సైడ్ బులెవార్డ్‌లో అమ్మకపు ఫ్లాట్లు 219, తక్కువ అద్దె ఫ్లాట్లు 55. ఆ 55 ఇళ్లవాళ్లకి వీధి వైపు వేరే గుమ్మం పెట్టారు. ఆ ఇళ్లు కట్టినందుకే బిల్డర్‌కి నగర నిబంధనల కింద అదనపు విస్తీర్ణం కట్టుకునే హక్కు వచ్చింది. వాళ్ల పేరు మీద లాభం తీసుకుని వాళ్లనే పక్క గుమ్మానికి తోసేయడం అన్యాయం.

లిఫ్ట్‌కోర్: కోపం సరే, బిల్లు ఎవరు కడతారండీ? లాబీలో ఇరవై నాలుగు గంటలూ మనిషిని పెడితే ఆ జీతాలు సర్వీస్ ఛార్జ్‌లోకే వస్తాయి. లండన్‌లో చాలాసార్లు తక్కువ అద్దె ఇళ్లు నడిపే హౌసింగ్ అసోసియేషన్లే వేరే కోర్ (మెట్లు, లిఫ్ట్ ఉండే నిలువు భాగం) అడుగుతాయి. మెట్లు, లిఫ్ట్ తమ చేతిలో ఉంటే రిపేర్ కాంట్రాక్ట్ చవకగా కుదుర్చుకోవచ్చు.

లీజుపద్దు: లిఫ్ట్‌కోర్ గారూ, వేరే కోర్ వేరు, వేరే గుమ్మం వేరు. అందరూ ఒకే లాబీలోకి వచ్చి, అక్కణ్ణుంచి ఎవరి లిఫ్ట్‌కి వాళ్లు వెళ్లొచ్చు. బిల్లు పెంచేది తలుపు కాదు, లీజులో ఛార్జీలు పంచిన తీరు. పైకప్పు, బీమా, ఫైర్ అలారం, లాబీ దీపాలు, ఊడ్పు ఖర్చు అందరికీ చదరపు అడుగుల లెక్కన వేయాలి. లిఫ్ట్ ఖర్చు ఆ కోర్‌వాళ్లకే. జిమ్, కాన్సియర్జ్ (లాబీలో సేవలు చూసే మనిషి) ఖర్చు వాడుకునేవాళ్లకే. తలుపు తెరిచే ఎలక్ట్రానిక్ తాళం, అంటే కీ ఫాబ్‌లో, మిగతావాళ్లకి ఆ తలుపులు తెరుచుకోకుండా పెడితే చాలు. కాన్సియర్జ్‌ని ఉమ్మడి పద్దులో కలిపేశారా, అద్దెవాళ్ల బిల్లు ఎగిరిపోతుంది. లీజులు రాయకముందే ఇది తేల్చాలి. సంతకాలయ్యాక మార్చాలంటే ఒక్కొక్కరినీ ఒప్పించాలి, లేదా ట్రిబ్యునల్‌కెక్కాలి.

ఇంకోటి: విడి కోర్‌లో ఖర్చు తగ్గించడానికి ఒక్క లిఫ్టే పెడతారు. అది ఆగితే పై అంతస్తులో వీల్‌చైర్ మీదున్న మనిషి దిగలేడు. రెండు కోర్లకీ మధ్య ఏదో ఒక అంతస్తులోనైనా దారి ఉండాల్సిందే.

లిఫ్ట్‌కోర్: లాబీ ఉమ్మడిగా, పద్దులు విడిగా అంటే ఒప్పుకుంటాను. కానీ ఆ దారిలో ఫైర్ డోర్లు, వాటి తనిఖీ ఎవరి బాధ్యతో కూడా లీజులోనే రాయాలి.

ఇంటిలెక్క: న్యూయార్క్ రాష్ట్రం 2015లో 421-ఎ పన్ను మినహాయింపు చట్టాన్ని మార్చి, తక్కువ అద్దె ఇళ్లకీ అదే ఉమ్మడి గుమ్మం ఉండాలంది, వాటిని ఒకే అంతస్తుకో ఒక మూలకో నెట్టొద్దంది కూడా. ఆ రెండో మాట లేకపోతే మొదటిదాన్ని తప్పించుకోవడం తేలిక. లండన్ లాంబెత్‌లోని బేలిస్ ఓల్డ్ స్కూల్ అనే ఇళ్ల సముదాయంలో గుమ్మం కాదు, తక్కువ అద్దె ఇళ్ల పిల్లల్ని ఆటస్థలంలోకి రానివ్వకపోవడమే గొడవైంది: మొదటి ప్లాన్‌లో గేట్లున్న చోట తర్వాత దాటలేని పొదల కంచె వచ్చింది. 2019లో అది బయటపడి దుమారం రేగాక గానీ తెరవలేదు. అందుకే అనుమతి వచ్చాక బిల్డర్ పెట్టే ప్రతి సవరణ దరఖాస్తునీ చదవండి.