స్లాష్ ఉంది. రెండో బండీ ట్రాక్సస్‌దే తీసుకోవాలా, ఆర్మాకి వెళ్ళాలా? (వైజాగ్)

ఎంవీపీ_స్లాష్

అన్నలందరికీ నమస్తే. నా దగ్గర ట్రాక్సస్ కంపెనీ స్లాష్ అనే రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) బండి ఉంది, టూ వీల్ డ్రైవ్, ఎక్స్‌ఎల్-5 ఈఎస్‌సీ (మోటర్ వేగాన్ని నడిపే పెట్టె), బ్రష్డ్ మోటర్. టూఎస్ లైపోలు (రెండు సెల్స్ ఉండే లిథియం పాలిమర్ బ్యాటరీలు) రెండు, రెండూ ట్రాక్సస్ వాళ్ళ ఐడీ ప్లగ్‌వే. ఛార్జర్ కూడా అదే కంపెనీది. ఇప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ ఒకటి తీసుకోవాలి. మనవాళ్ళలో సగం మంది ఆర్మా కంపెనీది అంటున్నారు, మిగతా సగం "ఒక కంపెనీలోనే ఉండు, లేకపోతే ఏదీ దేనికీ అతకదు" అంటున్నారు. నిజంగా ఏవి కలుస్తాయి, ఏవి కలవవు? ఎక్కువగా రుషికొండ వైపు ఇసుకలోనూ, ఎర్రమట్టి గ్రౌండ్లలోనూ తిప్పుతాను.

టంకం_63

తమ్ముడూ, బండి సంగతి తర్వాత. కంపెనీల పోరంతా బ్యాటరీ ప్లగ్ దగ్గరే ఉంది, ముందు అది తేల్చుకో.

ఐడీ ప్లగ్‌లో బ్యాలెన్స్ తీగలు (ఒక్కో సెల్ వోల్టేజీని విడిగా చూసేవి) కూడా కలిసిపోయి ఉంటాయి. మిగతా ప్యాక్‌లకి పక్కన వేలాడే తెల్ల జేఎస్‌టీ ప్లగ్ దీనికి ఉండదు. వాళ్ళ ఛార్జర్‌కి పెడితే ఎన్ని సెల్సో తనే గుర్తుపడుతుంది, కొత్తవాళ్ళకి అది నిజంగా సుఖమే. వేరే ఛార్జర్‌కి తగిలించాలంటే మాత్రం బ్యాలెన్స్ తీగలు బయటికి తీసే ఐడీ అడాప్టరే కావాలి. పవర్ తీగలు రెండే మార్చే అడాప్టర్‌తో ఛార్జ్ చేస్తే ఛార్జర్‌కి మొత్తం వోల్టేజీయే తెలుస్తుంది. ఒక సెల్ 4.25 దాకా ఎక్కి ఇంకోటి 4.15 దగ్గరే ఉన్నా కలిపితే 8.40, కాబట్టి 'ఫుల్' అనేస్తుంది. ప్యాక్ ఉబ్బడం ఇలాగే మొదలవుతుంది.

ఆర్మా, అంటే హొరైజన్ వాళ్ళ వైపు ఐసీ3, ఐసీ5 ప్లగ్గులు. ఇవి పాత ఈసీ3, ఈసీ5లతో నేరుగా కలుస్తాయి, డేటా పిన్ ఒకటి అదనం, అంతే. బ్యాలెన్స్ ప్లగ్ విడిగా ఉన్న ప్యాక్‌లకి ఏ బ్యాలెన్స్ ఛార్జరైనా పనిచేస్తుంది.

రెండు కంపెనీల బళ్ళూ ఉంచుకునేవాళ్ళకి నా మాట ఒక్కటే: బళ్ళన్నిటికీ ఎక్స్‌టీ60 ప్లగ్గులు వేసెయ్యండి. టూఎస్, త్రీఎస్ బళ్ళకి సరిపోతుంది, 12 గేజ్ తీగ దాని కప్పులో సరిగ్గా కూర్చుంటుంది. సిక్స్‌ఎస్ బండైతే ఈసీ5 గానీ ఎక్స్‌టీ90 గానీ.

ఈఎస్‌సీకి మగ ప్లగ్, బ్యాటరీకి ఆడది. సోల్డర్ చేసేటప్పుడు జత ప్లగ్‌ని రెండో వైపు దూర్చి ఉంచండి, లేకపోతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకి వాలిపోతుంది. ఐరన్ 60 వాట్లు, వెడల్పు మొన. సీసం 63/37 రకం. చిన్న 25 వాట్ల ఐరన్‌తో కుస్తీ పట్టొద్దు, పైన మెరుస్తుంది గానీ లోపల పట్టదు. తీగకి, కప్పుకి విడివిడిగా సీసం పట్టించి ఆ తర్వాతే కలపండి. హీట్ ష్రింక్ గొట్టం ముందే తీగలోకి ఎక్కించడం మరిచిపోకండి.

పళ్ళ_లెక్క

ప్లగ్ సంగతి పైన చెప్పేశారు. పార్టుల విషయంలో "ఏదీ అతకదు" అన్నది సగమే నిజం.

పినియన్ (మోటర్ షాఫ్ట్ మీది చిన్న గేరు), స్పర్ (అది తిప్పే పెద్ద గేరు) దగ్గర చూడాల్సింది పిచ్, అంటే పళ్ళ సైజు. టూ వీల్ డ్రైవ్ స్లాష్‌లో 86 పళ్ళ స్పర్, 48 పిచ్. 48 పిచ్‌లో 3.175 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి పట్టే పినియన్ ఏ కంపెనీదైనా వేసుకోవచ్చు. స్లాష్ ఫోర్ బై ఫోర్‌కి వచ్చేసరికి 54 పళ్ళు, 0.8 మాడ్యూల్ (పంటి సైజునే మిల్లీమీటర్లలో చెప్పే కొలత). 32 పిచ్ కూడా దీంతో నడుస్తుంది, ఎందుకంటే 25.4ని 32తో భాగిస్తే 0.79. టామియా కంపెనీ టీటీ-02 బండిలో 0.6 మాడ్యూల్. 48 పిచ్ అంటే 0.53 కదా, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, చేత్తో తిప్పితే తిరుగుతాయి కూడా. రెండు మూడు ప్యాక్‌లు నడిచాక స్పర్ పళ్ళు రంపంలా సన్నబడి ఉంటాయి. నింద మాత్రం "ఆ కంపెనీ ప్లాస్టిక్ నాసిరకం" అని పడుతుంది. ఆర్మా సిక్స్‌ఎస్ బళ్ళు మాడ్ 1, షాఫ్ట్ 5 మిల్లీమీటర్లు. వాటికీ నీ స్లాష్‌కీ పినియన్ పొత్తు లేదు.

చక్రాలు: 1/10 సైజు బళ్ళలో ఎక్కువ వాటికి 12 మిల్లీమీటర్ల హెక్స్ (చక్రం కూర్చునే ఆరుపలకల దిమ్మ), 1/8కి 17. నీ స్లాష్‌కి వెనక చక్రాలే హెక్స్‌వి, ముందు చక్రాల్లో బేరింగులే ఉంటాయి. అందుకే నాలుగూ ఒకే రకం కొంటే ముందువి ఎక్కవు. ఇదొక్కటి తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ.

సర్వో హార్న్ (స్టీరింగ్ తిప్పే సర్వో మోటర్ మీది చిన్న చెయ్యి) కొనేముందు కూడా పళ్ళు లెక్కపెట్టు. ట్రాక్సస్, ఫుటాబా 25. హైటెక్ 24. శాన్వా, కేఓ 23.

బేరింగులకి అసలు కంపెనీ పేరే అక్కర్లేదు. 5×11×4 సైజు స్లాష్‌లోనూ ఉంది, టీటీ-02లోనూ ఉంది. ఊళ్ళో ఏ బేరింగుల కొట్టులోనైనా ఎంఆర్115 అని అడిగితే అర్థమవుతుంది. రబ్బరు సీల్ ఉన్నది, అంటే టూఆర్‌ఎస్ తీసుకో. మన సముద్రపు గాలికి ఇనప మూత ఉన్నది తొందరగా తుప్పు పడుతుంది.

ఉక్కునగరం_ఆఫ్‌రోడ్

మాస్టార్లిద్దరూ కొలతలు చెప్పారు, నేను అభిమానం సంగతి చెబుతాను. ఏ కంపెనీకి విధేయంగా ఉంటున్నామో ఆ కంపెనీయే చేతులు మారుతూ ఉంటుంది. ఆర్‌సీ10 అనే బండితో 1984లో పేరు మోసిన టీమ్ అసోసియేటెడ్‌ని 2005లో తైవాన్‌కి చెందిన థండర్ టైగర్ కొనేసింది. ఆర్మా, యాక్సియల్ రెండూ హాబికో అనే కంపెనీ చేతిలో ఉండేవి. 2018 జనవరిలో హాబికో దివాలా పిటిషన్ వేసింది, అదే ఏడాది రెండూ హొరైజన్ చేతికి వచ్చాయి. బళ్ళు ఆగిపోలేదు, పార్టులు దొరికాయి. కాబట్టి పెట్టె మీద పేరు చూసి భయపడనూ వద్దు, మొక్కనూ వద్దు.

పోటీ వల్ల మనకి మేలు జరిగిన మాట కూడా ఒప్పుకోవాలి. 2008లో స్లాష్ రాగానే షార్ట్ కోర్స్ (ఆఫ్‌రోడ్ రేసు ట్రక్కుల పోలికలో ఉండే బళ్ళు) అనే తరగతే పుట్టుకొచ్చింది, మరుసటి ఏడాదే అసోసియేటెడ్ ఎస్‌సీ10 దింపింది.

వైజాగ్‌లో ఉండి తేల్చుకోవాల్సింది ఒకటే: ఏ-ఆర్మ్ (సస్పెన్షన్ చెయ్యి), సీ-హబ్ (ముందు చక్రాన్ని పట్టే సీ ఆకారపు ముక్క), డ్రైవ్ షాఫ్ట్, స్పర్. ఈ నాలుగూ మన దేశంలో స్టాకు ఉన్న మోడల్ ఏదో అదే కొను. కొనేముందు మాన్యువల్‌లో ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ (పార్టులు విడదీసి చూపే బొమ్మ) తెరిచి ఆ పార్ట్ నంబర్లు నాలుగూ వెతుకు. వాటిలో ఏది దొరక్కపోయినా ఆ బండి వదిలెయ్. బయటి నుంచి తెప్పించుకుందాం అనుకుంటే, బొమ్మల కింద లెక్కకట్టిన పూర్తి బండి మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 2020లో 20 నుంచి 60 శాతం అయింది, 2023లో 70. లైపోలు విమానంలో పంపడానికి ఆంక్షలు వేరే ఉన్నాయి, అవి ఇక్కడే కొనుక్కో.

ఎంవీపీ_స్లాష్

చాలా థాంక్సన్నా. అయితే నా ఐడీ బ్యాటరీల ప్లగ్ కోసేసి ఎక్స్‌టీ60 వేసుకుంటే సరిపోతుందా?

టంకం_63

వద్దు! కోస్తే బ్యాలెన్స్ తీగలు కూడా దాంతోపాటే పోతాయి. మళ్ళీ మూడు పిన్నుల జేఎస్‌టీ-ఎక్స్‌హెచ్ వేసుకోవాలి, మధ్య తీగ తప్పు చోట పడితే షార్టే. ఆ రెండు ప్యాక్‌లూ ఐడీగానే ఉంచు, వాటి ఛార్జర్ వాటికే. మార్పు బండి వైపు చెయ్: ఈఎస్‌సీకి ఎక్స్‌టీ60 వేసి, ఈ రెండు ప్యాక్‌ల కోసం ట్రాక్సస్ నుంచి ఎక్స్‌టీ60కి పొట్టి అడాప్టర్ ఒకటి ఉంచుకో. ఒక రన్ అయ్యాక అడాప్టర్ పట్టుకుని చూడు. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే లోపలి రేకు వదులైనట్టు, పారేసి కొత్తది పెట్టు. ఇకపై కొనే ప్యాక్‌లు ఎక్స్‌టీ60వే కొను.

మామూలు ప్యాక్‌కి ఎప్పుడు ప్లగ్ మార్చినా ఒక తీగ కోసి, దాని పని పూర్తిగా ముగించి, గొట్టం బిగించాకే రెండోది కోయాలి. రెండూ ఒకేసారి కత్తెరలో పెడితే ఆ బ్లేడే షార్ట్.

ఎక్స్‌ఎల్-5లో లైపో వేసేముందు దీపం చూసుకో. పచ్చగా ఉంటే లో వోల్టేజ్ కటాఫ్ (బ్యాటరీ మరీ అడుగంటకుండా ఆపేది) పనిచేస్తోంది. ఎర్రగా ఉంటే ఆగి ఉంది, ఈజీ-సెట్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి పచ్చకి మార్చు.

పళ్ళ_లెక్క

రుషికొండ ఇసుక అన్నావు కాబట్టి ఇంకో మాట. మన తీరం ఇసుకలో నల్ల ఖనిజం, గార్నెట్ రెండూ ఉన్నాయి. నల్లది మోటర్ అయస్కాంతాలకి అతుక్కుంటుంది, బ్రష్డ్ మోటర్ క్యాన్ చిల్లుల్లోంచి లోపలికి పోయి కమ్యుటేటర్‌ని (బ్రష్‌లు ఆనే రాగి భాగాన్ని) గీకేస్తుంది. గార్నెట్ అంటే ఉప్పుకాగితం మీద ఉండే గరుకే. ఈ రెండింటి ముందు ఏ కంపెనీ బండైనా ఒకటే.

ఇసుకలోంచి వచ్చిన రోజే బ్యాటరీ తీసి మంచినీళ్ళతో ఉప్పు కడుగు. ఎలక్ట్రానిక్స్ వాటర్‌ప్రూఫ్ అయినా బేరింగులు కావు. నీళ్ళు విదిలించి, బేరింగులు తీసి, ఆరబెట్టి, ఒక్కో చుక్క పల్చటి నూనె వెయ్. చక్రం వేలితో తిప్పితే కరకరమందంటే ఆ బేరింగ్ మార్చడమే. బ్యాటరీని ఫుల్‌గా వదలకుండా సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచు. ఇంకొకటి, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం బండి ఎక్కించొద్దు, అది రక్షిత భూవారసత్వ ప్రదేశం. ఎర్రమట్టి కావాలంటే మామూలు గ్రౌండ్లు చాలు.