పోచంపల్లి అని ఇచ్చారు, పిన్ని ప్రింట్ అంటోంది. ఎలా తేల్చాలి?

కొత్తపేట కోడలు:
వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. పెట్టుబడికి ఆరు చీరలు కావాలని ఆదివారం ఒక పెద్ద షాపుకి వెళ్లాం. "పోచంపల్లి కాటన్ మేడమ్, కొత్త స్టాకు" అంటూ కౌంటర్ అబ్బాయి పరుపు మీద పరిచాడు. ఒక్కోటి 1,450. ఒకే డిజైన్‌లో ఆరు రంగులు అడిగితే రెండు నిమిషాల్లో తెచ్చిచ్చాడు. ఇంటికొచ్చాక మా పిన్ని ఒక చీర మడత విప్పి, తిరగేసి చూసి "ఇది ప్రింటే తల్లీ" అనేసింది. నాకేమో రెండు వైపులా ఒకేలా ఉంది. బిల్లు చూస్తే "శారీ ఫ్యాన్సీ" అని మాత్రమే ఉంది. కింద ఎర్ర స్టాంపు: డబ్బు వాపసు ఇవ్వబడదు. పెళ్లివారి ముందు మాట పడాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాత కౌంటర్ మనిషి:
చీరల సెక్షన్‌లో పదకొండేళ్లు నిలబడ్డాను, మోకాళ్లు అరిగాక మానేశాను. మీ పిన్నిగారి కన్ను మంచిదే కానీ తిరగేసి చూడటం ఒక్కటే చాలదండీ. పల్చటి కాటన్ మీద గట్టిగా ప్రింట్ వేస్తే రంగు వెనక్కీ దిగుతుంది. చీర కొసన, డిజైన్ ఉన్నచోట ఒక్క పోగు మెల్లగా లాగి, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. అసలు పోచంపల్లి అంటే ఇక్కత్ నేత. ఇక్కత్‌లో నూలుకి ముందే రంగు వేసి ఆ తర్వాత నేస్తారు కాబట్టి పోగు చుట్టూ రంగు పట్టి ఉంటుంది. ప్రింటైతే అడ్డపోగు కప్పిన చోటల్లా తెల్ల చుక్కలు కనిపిస్తాయి.

ఇంకోటి. మీ దగ్గర ఒకే డిజైన్‌వి ఆరున్నాయిగా, రెండు పక్కపక్కన పరవండి. పువ్వు అంచులు రెంటిలోనూ గీత గీసినట్టు ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే. ఇక్కత్‌లో అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది, ఒక్కో చీరకి ఒక్కోలా.

మా కౌంటర్‌లో ఒక కిటుకు ఉండేది, ఇప్పుడు చెప్తే తప్పేం లేదు. నోటితో "పోచంపల్లి" అంటాం, కాస్త గట్టిగా అడిగితే "పోచంపల్లి మోడల్ మేడమ్" అంటాం. ఆ రెండో మాట చాలామంది వినరు. మీ బిల్లులో ఫ్యాన్సీ అని రాసింది కూడా అందుకే.

మగ్గం ఇల్లు:
మాది పుట్టపాక వైపు, అక్కడా ఇక్కత్తే నేస్తాం. 1,450కి చేనేత ఇక్కత్ చీర ఇస్తే మాకు కూలి కూడా మిగలదండీ, ధర దగ్గరే ఆగాల్సింది. పేక నూలుని, అంటే అడ్డపోగుని, ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ పోగు తిప్పే పని, ఒక్క చీరకి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడుతుంది. మా అమ్మకి కుడి భుజం పోయింది ఆ పనితోనే. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ కష్టం చూడలేక ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆసు పోశాక డిజైన్ గీసి, రంగు అంటకూడనిచోట రబ్బరుతో చుట్టి కట్టి, రంగులో ముంచి, మళ్లీ విప్పి మరోచోట కట్టి, మరో రంగు. పడుగూ (నిలువు పోగు) పేకా రెంటికీ ఇలా చేస్తే డబుల్ ఇక్కత్. ఇదంతా అయ్యాకే మగ్గం ఎక్కుతుంది.

ప్రింట్ చీర అమ్మితే నాకు కోపం లేదు, ప్రింటని చెప్పి అమ్మమనండి. పోచంపల్లి పేరెందుకు మధ్యలో?

నిడదవోలు:
షాపువాళ్లు మొండికేస్తే 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు పారేయకండి.

కొత్తపేట కోడలు:
పోగు లాగానండీ. దోమలు కుట్టినట్టు వరసగా తెల్ల చుక్కలు! ఈరోజు షాపుకి వెళ్లి మేనేజర్ ముందు కాగితం మీద పెట్టాను. ఆయన కాసేపు చూసి, "పోచంపల్లి డిజైన్ అని చెప్పి ఉంటాడు మేడమ్" అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. డబ్బు ఇవ్వనన్నారు, మార్చుకోమన్నారు. నాలుగు మామూలు కాటన్ చీరలు తీసుకున్నాను, మిగతా లెక్కకి దుప్పట్లు. పెట్టుబడి చీరల కోసం వచ్చే ఆదివారం పోచంపల్లికే వెళ్తున్నాం. ఆ పోగు మాత్రం పిన్ని తన పర్సులో దాచుకుంది, దారిలో అందరికీ చూపిస్తుందట.