కంప్యూటర్, టీవీ తగిలిస్తే స్పీకర్లలో గుయ్‌మని మోత: ఆంప్లిఫైయర్ ఎర్త్ పిన్ను తీసేయొచ్చా?

ప్రశ్న:
స్టీరియో ఆంప్లిఫైయర్‌కి డెస్క్‌టాప్ కంప్యూటర్, టీవీ, సీడీ ప్లేయర్ కలిపి ఉన్నాయి. టీవీకి కేబుల్ సెటాప్ బాక్సు. పాట ఆపినా స్పీకర్లలో గుయ్‌మంటూనే ఉంది, వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతోంది. ఆంప్లిఫైయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఎలక్ట్రీషియన్ అన్నాడు. తీసేయొచ్చా అండీ?

జవాబు:
పిన్ను మాత్రం తీయకండి. మోత తగ్గొచ్చు, కానీ లోపల ఫేజు ఛాసిస్‌కి (లోహపు పెట్టెకి) తగిలితే ఆ కరెంటుకి సన్నటి ఆర్‌సీఏ వైరు (పాట సిగ్నల్ తెచ్చే వైరు) ఒక్కటే దారి. అది కాలిపోతే పెట్టె మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది.

వాల్యూమ్‌తో పాటు పెరుగుతోంది కాబట్టి మోత ఇన్‌పుట్ల నుంచే వస్తోంది. ఎప్పుడూ ఒకేలా ఉంటే పవర్ సప్లయ్ ఫిల్టర్ కెపాసిటర్లని అనుమానించేవాళ్లం. ఆంప్లిఫైయర్ ఆఫ్ చేసి ఆర్‌సీఏ వైర్లన్నీ పీకి, ఆన్ చేసి వినండి. నిశ్శబ్దంగా ఉంటే ఒక్కొక్కటే పెడుతూ రండి, ప్రతిసారీ ఆఫ్ చేసి. చివర్లో సెటాప్ బాక్సు వెనక కేబుల్ వైరు మర తిప్పి ఊడదీసి చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది, ఎందుకంటే ఆ వైరు పైతొడుగు మీ ఇంటి ఎర్త్‌కి కాక బయటెక్కడో ఎర్త్ అయి ఉంటుంది.

జవాబు:
కారణం కూడా చెప్తాను. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, ఆర్‌సీఏ వైరు పైతొడుగులో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. సిగ్నల్ తిరిగొచ్చే దారి కూడా అదే పైతొడుగు. దాని రెసిస్టెన్స్ 0.1 ఓమ్, కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే 1 మిల్లీ వోల్టు సిగ్నల్‌లో కలుస్తుంది. 1 వోల్టు సిగ్నల్‌కి ఇది 60 డెసిబెల్స్ కిందే అయినా, పాట ఆగితే స్పష్టంగా వినిపిస్తుంది. వైరుకి ఫెర్రైట్ పూస తగిలించి డబ్బు వృథా చేసుకోకండి, 50 హెర్ట్జ్ దగ్గర అది ఏమీ చేయదు.

ప్రశ్న వేసినవారు:
కేబుల్ వైరు తీయగానే చాలావరకు పోయింది. కంప్యూటర్ పెడితే మాత్రం కొంచెం మిగిలింది, మౌస్ కదిపితే కీచుమంటోంది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే చాలా?

జవాబు:
ముందు అదే చేయండి, ఖర్చు లేదు. బోర్డులో ఎర్త్ వైరు నిజంగా ఉందో లేదో మల్టీమీటర్‌తో చూసుకోండి. కేబుల్ వైపు, సెటాప్ బాక్సుకి ముందు గాల్వానిక్ ఐసొలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి, వైరు నేరుగా కలవకుండా తెంచే చిన్న ముక్క) పెట్టండి. చదివేవాళ్లలో డీటీహెచ్ ఉన్నవాళ్లు మాత్రం అది కొనకండి. డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే భాగానికి) 13 లేదా 18 వోల్టుల డీసీ ఆ వైరులోనే వెళ్లాలి, ఐసొలేటర్ దాన్ని ఆపేస్తుంది, బొమ్మే రాదు. వాళ్లకి టీవీ నుంచి ఆప్టికల్ వైరు మేలు, అందులో రాగి లేదు కాబట్టి ఎర్త్‌ల మధ్య కరెంటు తిరిగే లూపే ఏర్పడదు. ఆంప్లిఫైయర్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ లేకపోతే మధ్యలో ఒక డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని మామూలు ఆడియోగా మార్చే డబ్బా) కావాలి.

మౌస్‌తో వచ్చే కీచు ఒకే బోర్డుతో పూర్తిగా పోకపోవచ్చు. కంప్యూటర్‌కీ ఆంప్లిఫైయర్‌కీ మధ్య 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల వైర్లు నేరుగా కలవకుండా సిగ్నల్‌ని అదే స్థాయిలో దాటించేది) పెట్టండి, రెండు చానెళ్లకీ కలిపి ఒకే డబ్బాలో వస్తుంది. చవక రకం కోర్ చిన్నది, బాస్ గట్టిగా ఉంటే శబ్దం చిట్లుతుంది, అప్పుడు కంప్యూటర్ వాల్యూమ్ కాస్త తగ్గించి ఆంప్లిఫైయర్‌లో పెంచుకోండి. ఆ డబ్బాని ఆంప్లిఫైయర్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టొద్దు, అక్కడి అయస్కాంత క్షేత్రం పట్టుకుని కొత్త మోత తెస్తుంది. ఒక అడుగు దూరం ఉంచి, పక్కకి తిప్పి చూస్తూ ఎక్కడ నిశ్శబ్దంగా ఉంటే అక్కడ బిగించండి.