‘రాకా రోలా’ పాతది కొనాలా, కొత్త మిక్సా?
బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్‌ను కాస్త తలకిందులుగా వింటున్నాను. 1976 నాటి ‘శాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ’ తర్వాత, 1974లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘రాకా రోలా’ పెడితే ఉసూరుమనిపించింది. గిటార్లు దుప్పటి కప్పుకుని వాయించినట్టున్నాయి. ‘టైరంట్’, ‘జెనోసైడ్’ లాంటి పాటలు అప్పటికే చేతిలో ఉన్నా, అమ్ముడుపోవని నిర్మాత రాడ్జర్ బెయిన్ పక్కన పెట్టించాడట. పది నిమిషాల ‘కేవియర్ అండ్ మెత్స్’ రెండు నిమిషాల వాద్య ముక్కగా మిగిలింది. అదేం కత్తిరింపండీ బాబూ, మొదలైందో లేదో అయిపోతుంది!

2024లో, ఈ బ్యాండ్ తర్వాతి ఆల్బమ్‌ల నిర్మాత టామ్ ఆలమ్ ‘రాకా రోలా’ను మళ్ళీ మిక్స్ చేసిన (పాత రికార్డింగుల్లోని గొంతు, వాద్యాల శబ్దాలను కొత్తగా కలిపిన) ఎడిషన్ వచ్చింది కదా. రెండూ విన్నవాళ్ళు కాస్త చెప్పండి: ‘రన్ ఆఫ్ ది మిల్’ పాటలో గిటార్లు ఇప్పుడైనా విడివిడిగా వినిపిస్తున్నాయా? డబ్బు పెడితే దేనికి పెట్టాలి?