హాలోవీన్‌కి కత్రీనా వేషం వేయొచ్చా? (కైఫ్ కాదు, మెక్సికో పుర్రె దొరసాని)

సిరి_ప్లేనో
మా పాప ఎనిమిదో తరగతి. ఈసారి హాలోవీన్‌కి కత్రీనా వేషం వేస్తానని పట్టుబట్టింది. తెల్లటి పుర్రె ముఖం, తల నిండా పూలు, పొడుగు గౌను. నవంబర్ 1, 2 తేదీల్లో పోయినవాళ్ళు ఇంటికి వస్తారని మెక్సికో వాళ్ళు చేసే పండగ, డే ఆఫ్ ది డెడ్, దాంట్లోది. క్లాసులో మెక్సికన్ పిల్లలు చాలామందే ఉన్నారు. ఒకమ్మాయి "మా పండగ నీకు డ్రెస్సా?" అందట. ఇంకో అమ్మాయేమో మేకప్ నేనే వేస్తా రమ్మందట. పాపకి టెన్షన్, నాకు తలనొప్పి. వేయనివ్వాలా? వేస్తే ఎలా వేయాలి?

రవి_అట్లాంటా
వద్దండీ. 2008లో మోడల్ హైడీ క్లూమ్ హాలోవీన్ పార్టీకి కాళీమాత వేషం కట్టుకుని వెళ్తే మనవాళ్ళు ఎంత గొడవ చేశారు! మనకి జరిగితే అవమానం, మనం చేస్తే సరదానా? అసలు హాలోవీన్ అక్టోబర్ 31న, వీళ్ళ పండగ ఆ మర్నాటి నుంచి. రెండూ వేరు. దెయ్యాల పక్కన వాళ్ళ పెద్దల్ని నిలబెడితే ఒళ్ళు మండదా?

గీత_గ్వాదలహారా
రవి గారూ, నేను ఉద్యోగం మీద మెక్సికోలోనే ఉంటున్నాను. కాళీకి, కత్రీనాకి పోలిక కుదరదు. కాళి దేవత. కత్రీనాకి ఇక్కడ ఎవరూ దీపం పెట్టరు. ఆవిడ పుట్టిందే కార్టూన్‌గా. 1910 ప్రాంతంలో హోసే గ్వాదలూపె పోసాదా అనే చిత్రకారుడు జింకు పలక మీద చెక్కిన బొమ్మ అది. ఒట్టి పుర్రె, దాని మీద ఈకలూ పూలూ ఉన్న పెద్ద టోపీ, అంతే. ఒళ్ళూ గౌనూ తర్వాత వచ్చాయి, 1947లో డియెగో రివేరా ఒక పెద్ద కుడ్యచిత్రంలో ఆమెని నిలువెత్తున గీసినప్పుడు.

ఇక్కడ పవిత్రమైంది ఒఫ్రెండా. పోయినవాళ్ళ కోసం ఇంట్లో పెట్టే పీఠం. ఫొటో, కొవ్వొత్తులు, ఉప్పు, గ్లాసుడు నీళ్ళు, బంతిపూలు, వాళ్ళకిష్టమైన తిండి. మా ఆఫీసు లాబీలో కూడా ఒకటి పెడతారు. పోయినేడు సెక్యూరిటీ ఆయన వాళ్ళ నాన్న ఫొటో తెచ్చి, పక్కన చిన్న గ్లాసులో టకీలా పోసి, రెండు సిగరెట్లు సర్ది, అవి తిన్నగా లేవని మళ్ళీ వచ్చి సవరించి వెళ్ళాడు. అక్కడ ఎవరూ సెల్ఫీ తీసుకోలేదు. అదే వారంలో, అదే లాబీలో, కత్రీనా మేకప్ పోటీ జరిగింది. మా మేనేజరే మొదటి బహుమతి కొట్టేసింది.

బతికున్న స్నేహితుల పేర్లు నుదుటి మీద రాసి చక్కెర పుర్రెలు పంచుకుంటారు. టీచర్ల మీద, రాజకీయ నాయకుల మీద, వాళ్ళు చచ్చిపోయినట్టు వెటకారపు పద్యాలు రాస్తారు. మన మొహమాటం వేరు, వీళ్ళ మొహమాటం వేరు.

వేణు_శాన్‌ఆంటోనియో
గీత గారూ, సగమే చెప్పారు. పోసాదా ఆ బొమ్మ ఎవరి మీద గీశాడు? తమ ఆదివాసీ మూలాలు దాచుకుని, పౌడరు రాసుకుని, యూరప్ దొరసానుల ఫ్యాషన్లు వేసుకుని తిరిగేవాళ్ళ మీద. అరువు సోకుని ఎగతాళి చేసిన బొమ్మని మనం అరువు సోకుగా వేసుకుందామా?

ఇంకో విషయం. మెక్సికోలో ఉన్నవాళ్ళకి, టెక్సాస్‌లో పెరిగే పిల్లకి ఈ పండగ ఒకటి కాదు. అమెరికాలో దీన్ని వీధుల్లోకి తెచ్చింది 1970లలో కాలిఫోర్నియాలోని చికానో కళాకారులు, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్లు. మేమూ ఇక్కడివాళ్ళమే అని చాటుకోవడానికి చేశారు. 2013లో డిస్నీ తన సినిమా కోసం ఆ పండగ పేరునే ట్రేడ్‌మార్క్ చేసుకోబోయింది, జనం తిరగబడితే వెనక్కి తగ్గింది. అక్టోబర్ రాగానే షాపుల్లో డ్రాక్యులా కోరల పక్కనే ప్లాస్టిక్ కవర్లో ఈ డ్రెస్ వేలాడుతుంది. "నీకు డ్రెస్సా?" అన్న అమ్మాయి ఇవన్నీ చూస్తూ పెరిగింది. ఆ మాట ఊరికే రాలేదు.

గీత_గ్వాదలహారా
ఆ అమ్మాయి బాధని నేను కాదనట్లేదు వేణు గారూ. కానీ అసలైన సంప్రదాయం ఏదో గీత గీసి చూపించమంటే మెక్సికో వాళ్ళే నవ్వుతారు. మెక్సికో సిటీలో ఇప్పుడు లక్షల మంది చూసే పుర్రెల ఊరేగింపు 2016లో మొదలైంది. 2015 నాటి జేమ్స్‌బాండ్ సినిమా 'స్పెక్టర్' మొదట్లో అలాంటి ఊరేగింపు చూపించారు, అది చూసి నగరం వాళ్ళు నిజంగానే పెట్టేశారు. ఊరేగింపునే సినిమాలోంచి తెచ్చుకున్నారు, పాప ముఖానికి రంగేసుకుంటే తప్పొచ్చిందా?

వేణు_శాన్‌ఆంటోనియో
వాళ్ళ పండగని వాళ్ళు ఎలాగైనా మార్చుకుంటారు. అది వాళ్ళిష్టం. నేనంటున్నది మన గురించి.

మల్లేశం_కరీంనగర్
అమెరికా సంగతులు నాకు తెల్వదు గానీ ఒక్క మాట. మా దిక్కు పెత్రమాస నాడే పెద్దలకు బియ్యం ఇస్తం, అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినోళ్ళను తల్చుకునుడు, సాయంత్రం కొత్త చీరలు, పూలు, పాట. బతుకమ్మల పెట్టే బంతిపువ్వు కూడా ఒకప్పుడు మెక్సికో నుంచి సముద్రం దాటి వచ్చిందే. పోయినోళ్ళ దినం నాడు ముస్తాబు కావద్దని మాకైతే ఎవరూ చెప్పలే. కానీ ఎవడన్న బయటోడు వచ్చి మా బియ్యం మూట కాడ ఆటలాడితే మాత్రం ఊకోం.

లక్ష్మి_ఎడిసన్
నేను బర్త్‌డే పార్టీల్లో ఫేస్ పెయింటింగ్ వేస్తుంటాను, వేషం సంగతి నేను చెప్తా. సిరీ, రెడీమేడ్ డ్రెస్ కొనకు. పాత పొడుగు గౌనూ ఒక శాలువా చాలు. గుడ్డ బంతిపూలని హెయిర్‌బ్యాండ్‌కి గ్లూగన్‌తో దగ్గర దగ్గరగా అతికించు, చెవుల దగ్గర ఖాళీ వదులు, లేకపోతే గంటలో గుచ్చుకుని తీసేస్తుంది.

రంగు నీళ్ళతో కడిగితే పోయేదే తీసుకో. ముందురోజు మోచేతి లోపల కొంచెం రాసి చూడు. తెలుపు పల్చగా రెండు పూతలు, మొదటిది ఆరాకే రెండోది. మందంగా ఒకటే పూస్తే నవ్వగానే పగులుతుంది. కళ్ళ చుట్టూ కనుబొమ్మ దాకా గుండ్రంగా నలుపు, అంచున పూరేకుల్లా చిన్న చిన్న వంపులు. ముక్కు కొన మీద తిరగేసిన హార్ట్ ఆకారం. పెదాల చివర్ల నుంచి బుగ్గల మీదికి సన్నని గీత, దాని మీద అడ్డంగా పళ్ళ గీతలు. ఇక్కడే అందరూ తొందరపడి పాడుచేస్తారు, పళ్ళు పొట్టిగా ఉండాలి. దొంగ రక్తం, కుట్లు వేయొద్దు. అవి వేస్తే కత్రీనా పోయి జాంబీ వస్తుంది, వేణు గారు చెప్పిన గొడవ అక్కడే మొదలవుతుంది.

రవి_అట్లాంటా
అందరూ ముఖం గురించే మాట్లాడుతున్నారు. స్కూల్లో ఎవరైనా "ఎవరు నువ్వు?" అంటే పాప ఏం చెప్తుంది? పోసాదా పేరు చెప్పగలిగితే వేయండి. "స్కల్ క్వీన్" అంటే మాత్రం మంత్రగత్తె టోపీ కొనిచ్చేయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

సిరి_ప్లేనో
పాపకి ఇదంతా చదివి వినిపించా. పోసాదా కథ బాగా నచ్చింది, టోపీ కూడా కావాలంటోంది. మేకప్ వేస్తానన్న అమ్మాయి ఇంట్లోనే తయారవుతుందట. "మా పండగ" అన్న అమ్మాయితో ముందు మాట్లాడమన్నా. ఇంకా మాట్లాడలేదు, మొహం చాటేస్తోంది. మాట్లాడాకే గ్లూగన్ తీస్తా. లక్ష్మక్కా, కళ్ళ చుట్టూ నలుపుకి ఇంట్లో ఉన్న కాటుక సరిపోతుందా?

లక్ష్మి_ఎడిసన్
అస్సలొద్దు. మీ డాలస్ ఉక్కకి చెమట పట్టి అరగంటలో గడ్డం దాకా కారుతుంది. రంగు డబ్బాలో నలుపే వాడు, పైన పౌడర్ అద్దు.